నింగిలో గంట, నేల మీద నాలుగు గంటలు

మీర్‌పేట్ : శంషాబాద్ విమానాశ్రయం నుంచి విజయవాడ సమీపంలోని గన్నవరానికి విమానం సుమారు గంటలో చేరుతుంది. ఎల్.బి.నగర్‌లో బస్సెక్కితే విజయవాడకు దాదాపు ఐదు గంటలు. ఈ రెంటినీ పోల్చి, విమానంలో వెళితే నాలుగు గంటలు కలిసివస్తాయని పలువురు భావిస్తున్నారు. కాని ఇంటి గడప నుంచి లెక్కకడితే కలిసివచ్చేది అరగంట మాత్రమే.

ఈ రెండు విమానాశ్రయాల మధ్య ఆకాశ మార్గాన దూరం సుమారు 265 కిలోమీటర్లు. పూర్తి వేగం అందుకున్న జెట్ విమానం గంటకు 800 కిలోమీటర్లు పోగలదు. ఆ లెక్కన ఇరవై నిమిషాల ప్రయాణమే. అయితే ఇంత కొద్ది దూరంలో పైకి లేవడానికి, కిందికి దిగడానికే ఎక్కువ సమయం పడుతుంది. పైగా విమాన సంస్థలు ప్రకటించే సమయంలో రన్‌వే దాకా వెళ్లడం, అక్కడ వంతు కోసం ఆగడం కూడా కలిసే ఉంటాయి. అందువల్లనే అది గంట అవుతోంది.

ఇక నేల మీద సంగతి చూద్దాం. మీర్‌పేట్ నుంచి శంషాబాద్‌కు సుమారు 20 కిలోమీటర్లు. రద్దీ వేళ గంట పడుతుంది. విమానానికి రెండు గంటల ముందే రమ్మంటారు. గన్నవరంలో దిగి సామాను తీసుకొని బయటపడేందుకు అరగంట, అక్కడి నుంచి విజయవాడ నగరానికి మరో ముప్పావు గంట. ఇవే నాలుగు గంటలు దాటుతున్నాయి. విమానంలో గంటతో కలిపితే ఐదుంబావు గంటలు. ఎల్.బి.నగర్‌కు చేరే అరగంటను కలుపుకున్నా బస్సు ప్రయాణం ఐదున్నర, ఆరు గంటలే.

తిరుపతి విషయం వేరు. రోడ్డు మార్గాన 550 కిలోమీటర్ల పైచిలుకు. బస్సులో రాత్రంతా ప్రయాణమే. రేణిగుంటకు విమానం గంటకు కాస్త పైగా తీసుకుంటుంది. నేల మీద పట్టే నాలుగు గంటలను కలుపుకున్నా సగం సమయం మిగులుతుంది. దూరం పెరిగినకొద్దీ నేల మీది సమయం అంతగా పెరగకపోవడమే ఇందుకు కారణం. కాబట్టి దూర ప్రయాణానికి విమానం, దగ్గరి ప్రయాణానికి బస్సు లేదా రైలు అనుకూలం.

2008 మార్చి 23న రంగారెడ్డి జిల్లా భూముల్లోనే శంషాబాద్ విమానాశ్రయం ప్రారంభమైంది. అయినా చుట్టుపక్కల గ్రామాల వారికి అక్కడికి చేరడమే ఒక ప్రయాణంగా ఉంది. నాగోలు నుంచి ఎల్.బి.నగర్, చాంద్రాయణగుట్ట మీదుగా శంషాబాద్‌కు 36.8 కిలోమీటర్ల మెట్రో మార్గాన్ని ప్రతిపాదించి, రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబరులో ఆమోదించింది. ఈ ప్రాంతానికి మేలు చేసేది ఇటువంటి మార్గమే. విమానాల వేగాన్ని పెంచడం ఎవరి చేతిలోనూ లేదు. విమానాశ్రయానికి దారిని దగ్గర చేయడం మాత్రం ప్రభుత్వాల చేతిలోని పని.