ఫ్యాను రెక్క మీద లేని పేర్లు

మా సింహాద్రిపురం వైపు ఏ గుళ్లోకైనా వెళ్లి తల పైకెత్తి చూడండి. ఫ్యాను రెక్కల మీద దాతల పేర్లుంటాయి. ఫ్యాను తిరిగినంతసేపూ పేరు కనబడదు. కరెంటు పోయాకే చదవగలం. అప్పుడు చెమటలు తుడుచుకుంటూ, "ఓహో, ఈయనా ఇచ్చింది!" అనుకుంటాం. బస్టాండులో బెంచీ, బడిలో బీరువా, తిరునాళ్లలో అన్నదానం... ఇచ్చే చెయ్యి మనవాళ్లది.

ఆస్పత్రుల సంగతీ అంతే. జమ్మలమడుగులో క్యాంప్‌బెల్ ఆస్పత్రి మిషనరీలు పెట్టింది. వైద్యం చదివొచ్చిన కొత్తలో అక్కడ పనిచేసిన డాక్టర్ వై.ఎస్. రాజశేఖరరెడ్డి, 1973లో పులివెందులలో తండ్రి పేరు మీద 70 పడకల ఆస్పత్రి పెట్టారు. పడకకు ఇస్తాం, మందులకు ఇస్తాం. మరి వైద్య పరిశోధనకు?

ఈ మాట కదిపితే మా మామ నవ్వినాడు. "పరిశోధనకు చందా ఏందబ్బా? ఆస్పత్రిలో డాక్టరుంటే చాలదా?" అన్నాడు. ఆయన మాటలోనూ న్యాయముంది. ఆకలైనవాడికి అన్నం పెడితే వాడి తేన్పు మనకు వినబడుతుంది. పరిశోధనకు ఇస్తే ఎప్పటికో, ముక్కూ మొహం తెలియని ఎవరికో మేలు జరగొచ్చు. జరక్కపోనూ వచ్చు.

అయినా ఇచ్చినవాళ్లున్నారు. 1980లలో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు అమెరికా నుంచి వచ్చి హైదరాబాదులో కంటి వైద్యంతో పాటు చదువు, పరిశోధన కూడా జరిగే సంస్థ పెడతానంటే, సినిమా ఎల్.వి. ప్రసాద్ గారు కోటి రూపాయలు, అయిదెకరాల స్థలం ఇచ్చారు. ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ అలా మొదలైంది. ఆయన పేరు ఆస్పత్రి మీదే ఉంది కాబట్టి అందరికీ తెలుసు.

పేరు లేని దాతల సంగతి చూడండి. 1996 నుంచి 2000 దాకా ఆ సంస్థవాళ్లు హైదరాబాదు, పశ్చిమ గోదావరి, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో ఒక పెద్ద సర్వే చేశారు. అన్ని వయసులవాళ్లూ కలిపి 10,293 మంది కళ్లు చూపించుకున్నారు. కూలి మానుకుని వచ్చినవాళ్లుంటారు, పసిబిడ్డను చంకనేసుకుని వచ్చినవాళ్లుంటారు. తేలిందేమిటి? నూటికి దాదాపు ఇద్దరికి చూపు లేదు. ఆ చూపులేనివాళ్లలో నూటికి అరవై మందికి కారణం శుక్లాలు, లేదంటే కళ్లద్దాలు లేకపోవడం. చిన్న ఆపరేషనుతోనో, ఒక జత అద్దాలతోనో పోయే చీకటి అన్నమాట! రోగం ఎక్కడుందో, ఎంతుందో లెక్క తెలిస్తేనే గదా పల్లెల్లో ఏం పెట్టాలో తెలిసేది. ఆ లెక్క ఇచ్చింది ఆ పది వేల మందే. వాళ్ల పేర్లు ఏ ఫ్యాను మీదా లేవు.

ఇంకా పాత కథ మనకు దగ్గరలోనే ఉంది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా మదనపల్లె మన కడప జిల్లాదే. ఆ ఊరి పక్కన ఆరోగ్యవరంలో 1915లో క్షయ ఆస్పత్రి వెలిసింది. డెన్మార్కు నుంచి వచ్చిన ఫ్రిమోత్-మోలర్ దాని పెద్ద డాక్టరు. మన దేశంలో బీసీజీ టీకా మొదలైన 1948లో, మొదట వేసిన చోట్లలో మదనపల్లె ఒకటి. తర్వాత చుట్టుపక్కల పల్లెల్లో పరీక్షలు చేసి, కొందరికి టీకా వేసి, కొందరికి వేయకుండా, ఏళ్ల తరబడి గమనించారు. వేయించుకోనివాళ్లతో పోల్చి చూస్తేగానీ వేయించుకున్నవాళ్లకు మేలైందో లేదో తెలియదు. అంటే సూది పడనివాళ్లు కూడా ఆ పరిశోధనకు దాతలే.

ఇంత మంచి మాట చెప్పాక చేదు మాటా చెప్పాలి. 2009లో ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సరు రాకుండా ఇచ్చే హెచ్‌పీవీ టీకా మీద ఒక ప్రాజెక్టు నడిచింది. 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు, దాదాపు 14,000 మంది. చాలామంది గిరిజన హాస్టళ్ల పిల్లలు. ఒప్పుకోలు కాగితాల మీద ఎన్నోచోట్ల అమ్మానాన్నల బదులు హాస్టలు వార్డెన్లు సంతకాలు పెట్టేశారు. కొందరు పిల్లలు చనిపోయారన్న గొడవతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాకపోవచ్చనే విచారణ కమిటీ చెప్పింది. టీకా మంచిదే కావచ్చు. అడగకుండా తీసుకున్నదాన్ని మాత్రం దానం అనరు. 2013లో పార్లమెంటు సంఘం కూడా దీన్ని గట్టిగానే తప్పుబట్టింది.

మా వీధిలో ఒక అవ్వ ఉంది. కొన్నేళ్ల కిందట ఎవరో వచ్చి శిబిరం పెట్టి, రక్తం తీసుకుని, వేలిముద్ర వేయించుకుని పోయారు. అవ్వ ఇప్పటికీ నన్నడుగుతుంది. "రక్తం తీసకపాయిరి గదా నాయనా, నాకేముందో ఒగ మాట చెప్పకపాయిరే!"

అవ్వ అడిగేది ధర్మమైన ప్రశ్న. గుడి చందాకు రసీదు ఇస్తారు. అన్నదానానికి లెక్క చదువుతారు. రక్తం ఇచ్చినవాళ్లకు ఆ మాత్రం మర్యాద వద్దా?

ఇప్పుడు మందుల ప్రయోగాలకు 2019 నాటి నిబంధనలున్నాయి. విషయం అర్థమయ్యే భాషలో చెప్పాలి. చదువు రానివాళ్లయితే సంబంధం లేని సాక్షి ఒకరు పక్కనుండాలి. ఇష్టం లేకపోతే మధ్యలో మానుకోవచ్చు. ప్రయోగం వల్ల హాని జరిగితే పరిహారం ఇవ్వాలి. ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. ఈ ప్రయోగాలకు అనుమతిచ్చే నైతిక సంఘంలో కనీసం ఏడుగురుండాలి. అందులో ఒకరు వైద్యంతో సంబంధం లేని మామూలు మనిషి కావాలి. ఒక మహిళ కూడా ఉండాలి. ప్రొద్దుటూరులో రిటైరైన పంతులు గారో, పులివెందులలో పొదుపు సంఘం నడిపే అక్కో ఆ కుర్చీలో కూర్చుని, "ఈ కాగితం మా ఊరి అవ్వకు అర్థమవుతుందా?" అని అడిగితే, అదీ సేవే. దానికి పైసా ఖర్చు లేదు.

డబ్బున్నవాళ్లు డబ్బివ్వండి. లేనివాళ్లు మీ కాలమివ్వండి. ఊళ్లోకి ఎవరైనా సూది పట్టుకుని వస్తే చెయ్యి చాపేముందు మూడు మాటలడగండి. ఇది దేనికి? నాకేమైనా అయితే ఎవరు చూస్తారు? ఏం తేలిందో ఎప్పుడొచ్చి చెప్తారు?

మొన్న అవ్వనడిగినా. "మళ్లా వస్తే ఇస్తావా అవ్వా?"

"ఎందుకియ్యను నాయనా? నా రక్తం ఇంగొకరికి పనికొస్తాదంటే ఇస్తా. ఏముందో మాత్రం చెప్పిపొమ్మను" అనింది.