మన పెరడు: మచ్చల ఆకుల కొలంబైన్

ట్రాయ్‌లో మనవాళ్ళ మధ్య మొక్కల మాట వస్తే, "ఎన్నాళ్ళుంటామో తెలీదు, ఏటేటా తిరిగొచ్చే పూలమొక్కలు ఎందుకులే" అనే మాట కూడా వస్తుంది. గ్రీన్ కార్డు వరుసలో ఉండి, మూడేళ్ళకోసారి వీసా పొడిగింపు కోసం చూసేవాళ్ళం కదా! అందుకే మే నెల మధ్యలో గోంగూర, బీర, సొర పెడతాం. అక్టోబరుకి తీసేస్తాం. ఈ నెల నేను చెప్పబోయే మొక్క మన ఈ లెక్కకి భయపడేది కాదు.

కొలంబైన్ సాధారణంగా మూడు నాలుగేళ్ళే బతుకుతుంది. కానీ గింజలు రాల్చుకుని తన పిల్లల్ని తనే పెంచుకుంటుంది. మిషిగన్ అడవుల్లో ఎర్ర, పసుపు రంగుల పూలతో సహజంగా పెరిగే రకం ఉంది. హమ్మింగ్‌బర్డ్‌లకి అదంటే ప్రాణం. నేను చెప్పేది యూరప్ నుంచి వచ్చిన రకంలో ఆకుల మీద పసుపు, లేత ఆకుపచ్చ మచ్చలుండేది. విత్తనాల కేటలాగుల్లో 'వుడ్‌సైడ్' అనే పేరుతో దొరుకుతుంది. పూలు అయిపోయినా ఆకే అందం, మన ఇళ్ళల్లో క్రోటన్లలాగా.

విత్తడానికి ఇదే అదను. ఈ గింజకి చలి కావాలి, వెలుతురూ కావాలి. నవంబరులో కుండీలో మట్టి తడిపి, గింజలు పైన చల్లి, వేలితో మెల్లగా అదమండి. మట్టి కప్పొద్దు. కుండీ బయటే వదిలేస్తే మిగతా పని మంచు చూసుకుంటుంది. వసంతంలో విత్తేవాళ్ళు తడి పేపర్ టవల్‌లో చుట్టి నాలుగు వారాలు ఫ్రిజ్‌లో ఉంచండి.

మొలకలు రాగానే మచ్చలు కనబడలేదని నిరాశపడొద్దు. కొన్ని ఆకులు వేశాకే తెలుస్తుంది. కొన్ని మొక్కలు ఉత్త ఆకుపచ్చగానే ఉండిపోతాయి. మచ్చ ఉన్నచోట పత్రహరితం తక్కువ కాబట్టి ఆ మొక్క నెమ్మదిగా పెరుగుతుంది. ఆకుపచ్చవి బలంగా ఎదిగి దాన్ని అణిచేస్తాయి. అందుకే వాటిని తీసి వేరేచోట నాటండి. పక్కనే వేరే కొలంబైన్లుంటే తేనెటీగలు కలిపేస్తాయి. అప్పుడు వచ్చే ఏటి మొక్కల్లో మచ్చలు తగ్గిపోవచ్చు.

పొద్దుటి ఎండ, మధ్యాహ్నం నీడ ఉన్నచోటు మంచిది. మన ఓక్‌లాండ్ కౌంటీ బంకమట్టిలో కంపోస్టు బాగా కలపండి, నీళ్ళు నిలవకూడదు. వేరు లోతుకి దిగుతుంది కాబట్టి చిన్నప్పుడే స్థలం మార్చాలి. ఆకుల మీద తెల్లటి ముగ్గు గీతలు కనిపిస్తే అది లీఫ్ మైనర్ పురుగు. మందులక్కర్లేదు, ఆ ఆకులు తుంచేయండి. పూలయ్యాక మొక్కని కిందికంటా కత్తిరిస్తే కొత్త చిగురు వస్తుంది. గింజలు కావాలంటే రెండు మూడు కాడలు వదలండి.

ఒక ముఖ్యమైన జాగ్రత్త. దీని ఆకు చూడటానికి పెద్ద కొత్తిమీరలా ఉంటుంది. గింజ నల్లగా నిగనిగలాడుతూ కలోంజీలా ఉంటుంది, రెండూ ఒకే కుటుంబంలోవే కూడా. కానీ కొలంబైన్ గింజలు, వేర్లు విషం. ఊరి నుంచి అమ్మావాళ్ళు, అత్తయ్యావాళ్ళు వచ్చినప్పుడు ముందే చెప్పండి. కొత్తిమీర మడి దరిదాపుల్లో దీన్ని పెట్టకండి. పసిపిల్లలున్న ఇంట్లో కాయలు ఎండకముందే కోసేయండి.

ఇప్పుడు విత్తితే పూలు ఎల్లుండి ఏడు మే, జూన్‌లలో. అప్పటికి ఈ ఇంట్లో ఉంటామా అంటే, మనలో చాలామంది దగ్గర జవాబు లేదు. ఉంటామని తేలేదాకా ఆగితే మాత్రం, ఎన్నేళ్ళున్నా ఆ వాకిట్లో మనం పెట్టిన పువ్వంటూ ఉండదు. అద్దె ఇల్లయితే లోతైన కుండీలో వేయండి, మీతోపాటే వస్తుంది. సొంత ఇల్లయితే కాయలు గోధుమరంగుకి తిరిగి గలగలమన్నప్పుడు గింజలు కాగితం కవర్లో పోసి, పేరు, ఏడు రాసి, పక్కింటావిడకి కొన్ని ఇవ్వండి. మీరు వెళ్ళినా ఆ వీధిలో పూస్తాయి. ఉండిపోతే, మీ మొక్క ఎప్పుడైనా చచ్చిపోయినప్పుడు ఆవిడ దగ్గరనుంచే గింజలు తిరిగి తెచ్చుకోవచ్చు.