పూల చేలున్న ఊరు: మ్యూకర్‌లో నేను చూసింది

పై వీడియోలో కనబడే ఊరు ఉత్తర ఇంగ్లాండ్‌లోని మ్యూకర్. యార్క్‌షైర్ డేల్స్‌లో స్వేల్ నది లోయ. లీడ్స్‌లో ఉండే మా బావ పోయిన జూన్‌లో కారులో తీసుకెళ్లాడు.

ఊరి చుట్టూ గడ్డి చేలు, సిమెంటు లేకుండా పేర్చిన రాతి గోడలు, చేలల్లో రాతి కొట్టాలు. నాకు నచ్చింది ఆ కొట్టాల లెక్కే. పూర్వం పైన ఎండుగడ్డి, కింద చలికాలమంతా ఆవులు, ఆ పేడ ఆ పక్క చేలోకే. తోలకం ఖర్చే లేదు! మనోళ్లు పొలంలో గొర్రెల మంద కట్టించినట్టే అనుకోండి.

జూన్‌లో పూలే పూలు. గింజ రాలేదాకా, అంటే జూలై దాకా, గడ్డి కోయరు. యెల్లో రాటిల్ అనే మొక్క గడ్డి వేళ్లలోంచి బలం లాగేస్తుంది, అందుకే మిగతా పూలకి చోటు. యూరియా లాంటిది చల్లితే గడ్డి ఏపుగా లేచి పూలని తొక్కేస్తుంది. ఇంగ్లాండ్, వేల్స్‌లో ఇలాంటి చేలు 1930ల నుంచి 97 శాతం పోయాయి.

అలాగని అక్కడంతా బాగుందని నేననను. కొట్టాలు చాలావరకు ఖాళీ. సెలవులకొచ్చేవాళ్లు ఇళ్లు కొనేస్తుంటే రైతు బిడ్డలకి సొంతూళ్లో ఇల్లు అందట్లేదు. కానీ పూల కోసం ఆలస్యంగా కోసే రైతుకి ప్రభుత్వ పథకాల కింద డబ్బులొస్తాయి. నా దృష్టిలో అది దానం కాదు, కూలి. మనకి యూరియా బస్తా మీద రాయితీ ఉంది. మిత్రపురుగుల్ని బతికించే రైతుకి ఎకరానికి ఇంతని ఇమ్మని మనమెందుకు అడగం?

గోడ పేర్చే పద్ధతి వీడియో చివర్లో ఉంది, చూడండి.