వృద్ధాశ్రమములకు పరీక్ష

పటాన్‌చెరు మొదలు సంగారెడ్డి వరకు ఫ్యాక్టరీలు వెలసిన ఈ సీమలో కొడుకులును కోడండ్రును షిఫ్టులకు పోవుచుండ, మంచము పట్టిన తల్లిదండ్రులను వృద్ధాశ్రమమున ఉంచక తప్పని కుటుంబములు గలవు. వారిని నిందించుట మా యభిమతము గాదు. ఉంచిన పిదప విచారింపకుండుటయే తప్పు.

ఆశ్రమపు యోగ్యత పాలరాతి నేలలో లేదు. ముందుగా తెలుపక వెళ్లి చూడవలయును. అర్ధరాత్రి పిలిచిన పలుకువా రున్నారా? కదలలేనివారిని రెండు గంటల కొకమారు ప్రక్క మార్చి పరుండబెట్టుచున్నారా? వీపున పుండ్లు పడినవా? మందిచ్చిన వేళ పుస్తకమున వ్రాయుచున్నారా? చేయి వణకువారికి అన్నము తినిపించుచున్నారా, లేక కంచము ముందుంచి పోవుచున్నారా?

2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ సంక్షేమ చట్టము 19వ సెక్షను ఏమనుచున్నది? జిల్లాకు కనీస మొకటిగా, 150 మంది నిరుపేద వృద్ధులకు చాలు ఆశ్రమములను ప్రభుత్వము నెలకొల్ప'వచ్చును'. సేవల ప్రమాణములను నిర్ణయింప'వచ్చును'. నెలకొల్ప'వలయు'నని యనలేదు. ఈ యొక్క మాట సందుననే బాధ్యత జారిపోవుచున్నది.

'వచ్చును' అనుచోట 'వలయును' అని చట్టము సవరింపవలయును. ప్రతి యాశ్రమమందును ముందెరుక లేని తనిఖీ జరుగవలయును. దాని ఫలితము గుమ్మమున తెలుగులో వ్రేలాడవలయును. అంతవరకు తనిఖీదారులు బంధువులే. నోరు మెదపలేనివారి పక్షమున ప్రశ్నించుట పరనింద గాదు, పుత్రధర్మము.