వెన్న మారినప్పుడు ఉప్పు కొలత

గోల్‌మురి పేరు చెప్పగానే తగరపు పూత రేకు జ్ఞప్తికి వచ్చును. 1920లో స్థాపితమైన టిన్‌ప్లేట్ కంపెనీ కర్మాగారము అచ్చటిదే. అట్టి రేకుతో చేసిన డబ్బాలలోనే నూనెయు, వనస్పతియు మన వంటిండ్లకు చేరినవి. జంషెడ్‌పూరులో తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబములవారు ఇంట కేకులు, నాన్‌ఖటాయిలు చేసికొనునప్పుడు వెన్నకు బదులు వీనిని వాడినచో, ఒక సంగతి గమనింపవలెను: క్రొవ్వు మారినప్పుడు ఉప్పు కొలతయు మారును.

బజారులో అమ్ము ఉప్పు వెన్నయందు 100 గ్రాములకు సుమారు 2 గ్రాముల ఉప్పుండును. ఇది టీచెంచాలో మూడవ వంతు. ఇంట చిలికిన వెన్న, నేయి, నూనె, వనస్పతి – వీనియందు ఉప్పు లేదు. మార్గరిన్ కొన్ని రకములలో ఉప్పు కలదు, కొన్నింట లేదు.

ఉప్పు వెన్నకు బదులు నూనెను గాని నేతిని గాని వాడినచో రుచి చప్పబడును. అప్పుడు చేతికి వచ్చినంత ఉప్పు వేయుట తగదు. తీపి వంటకమునకు పోయిన ఉప్పులో సగము చాలునని మా అభిప్రాయము. ఉప్పులేని వెన్నతో చెప్పిన వంటకమును ఉప్పు వెన్నతో చేసినచో, వేరుగా చెప్పిన ఉప్పులో ఆ మేరకు తగ్గింపవలెను. ఈస్టుతో పులియబెట్టు రొట్టెలో మాత్రము ఉప్పు పులుపును అదుపులోనుంచి పిండికి బిగువునిచ్చును. కనుక దానిని పూర్తిగా మానరాదు.

ఇంత స్వల్పమునకు లెక్క యేల అని కొందరందురు. పెద్దలకు దినమునకు 5 గ్రాములకు లోపుగా ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఆవకాయ, అప్పడము, ఊరమిరపకాయ నిత్యముండు మన భోజనములో ఆ హద్దు సులభముగా దాటిపోవును. రక్తపు పోటునకు, తన్మూలమున గుండెజబ్బునకు, పక్షవాతమునకు ఇది దారితీయును. కొలిమి యొద్ద చెమటోడ్చువారికి ఉప్పు వలదా అందురేని, వారి అవసరమును వైద్యుడు నిర్ణయింపవలెను. ఇంటిల్లిపాదియు తిను కేకులో దానిని కలుపరాదు.

కావున డబ్బాపై సోడియం అంకెను చదువుడు. దానిని రెండున్నరతో హెచ్చించినచో ఉప్పు తూకము తెలియును. వంటసోడాలోను సోడియం కలదని మరువకుడు. ఉప్పును చేతితో గాక చెంచాతో కొలుచుట ఖర్చులేని ఆరోగ్యరక్షణ.