గోధుమ లేదంటారు, మైదా ఉంటుంది

మా పాపకి సీలియాక్ అని తేలినప్పుడు మన చుట్టాలలోనే చాలామంది ఒకే మాట అన్నారు. "మీకేంరా, ఇడ్లీ దోసెల ఊళ్ళో ఉన్నారు. చపాతీలు తినే ఉత్తరాదోళ్ళకి కష్టం గాని!" మేమూ మొదట్లో అట్లే అనుకున్నాం. ఇంట్లో అన్నం, రాగి సంగటి, జొన్న రొట్టె. బయటికెళ్తే ఇడ్లీ. ఇంకేం కావాలి? నాలుగేళ్ళయింది. ఇప్పుడు అడిగితే, బెంగళూరు దర్శిని హోటలంత మోసకారి చోటు ఇంకోటి లేదంటాం. మోసం మనుషులది కాదు, మాటలది.

జబ్బు సంగతి ముందు చెప్తాం, ఎందుకంటే దీన్ని అలర్జీ అనుకునేవాళ్ళే ఎక్కువ. పాపకి ఆరేళ్ళు. ఎత్తు పెరగదు, ఐరన్ టానిక్కు ఎంత తాపినా రక్తం పెరగదు, పొట్ట ఉబ్బి ఉంటుంది. చివరికి టీటీజీ అనే రక్త పరీక్ష, ఆపైన ఎండోస్కోపీలో చిన్నపేగు ముక్క తీసి బయాప్సీ. గోధుమ, బార్లీ, రై, వీటిలో గ్లూటెన్ అనే ప్రోటీన్ ఉంటుంది. అది లోపలికి పోతే ఒళ్ళు తన చిన్నపేగునే తాను పాడుచేసుకుంటుంది. మందు లేదు, బతికినన్నాళ్ళూ మానడమే. పొట్లం మీద 'గ్లూటెన్ ఫ్రీ' అని అచ్చు వేయాలంటే కిలోకి 20 మిల్లీగ్రాములు దాటకూడదని మన దేశపు నియమం. "కొంచెం తింటే ఏం కాదులే" అనే పెద్దవాళ్ళకి ఆ అంకె చూపిస్తాం. వాళ్ళ కొంచెం వేరు, పేగు కొంచెం వేరు.

ఇక హోటలు. మొదటి ఏడాది మేం అడిగిన ప్రశ్న ఒక్కటే: "గోధి ఇదెయా?" జవాబూ ఒక్కటే: "ఇల్లా సార్." ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయన వంటింట్లో గోధి అంటే చపాతీ పిండి. మైదా అంటే మైదా, రవె అంటే రవె, శావిగె అంటే శావిగె. మూడూ గోధుమే అని ఆయనకి ఎవరూ చెప్పలేదు, మనకు మాత్రం ఎవరు చెప్పారు? రవ ఇడ్లీ, ఉప్పిట్టు, కేసరి బాత్, మద్దూరు వడ, గోళీ బజె, అన్నిట్లో అదే. మేము పొట్ట పోసుకునేది సాఫ్ట్‌వేర్ టెస్టింగుతో. తప్పు ప్రశ్న అడిగితే టెస్టు పాసవుతుందని మాకు తెలిసినంత బాగా ఇంకెవరికి తెలియాలి! అయినా ఏడాది పట్టింది. ఇప్పుడు "గోధుమ ఉందా" అని అడగం. "ఏమేం వేశారు" అని అడుగుతాం, మైదా, రవ, సేమియా ఒక్కొక్కటీ పేరు పెట్టి.

రవ ఇడ్లీ మాట వచ్చింది గనక ఒకటి. రెండో ప్రపంచ యుద్ధంలో బియ్యం దొరక్క రవతో ఇడ్లీ చేశామని ఎమ్‌టీఆర్ వాళ్ళు చెప్పుకుంటారు. అదే యుద్ధంలో, 1944-45 చలికాలం, హాలండులో రొట్టె దొరకలేదు. డికె అనే పిల్లల డాక్టరు దగ్గర సీలియాక్ పిల్లలు ఆ కరువులో కోలుకున్నారు, రొట్టె తిరిగొచ్చాక మళ్ళీ పడ్డారు. అట్లా గోధుమ మీద ఆయన అనుమానం గట్టిపడింది. ఒక కరువు జబ్బు మూలం చూపించింది, ఇంకో కరువు మా పాప పళ్ళెం దగ్గర ఒక ప్రశ్న పెంచింది.

మమ్మల్ని నిజంగా కొట్టింది ఇంగువ. మా వీధి చివరి హోటల్లో మామూలు ఇడ్లీ, సాంబారు. అన్నీ అడిగాం. రాత్రికి పాపకి కడుపునొప్పి, వాంతులు, రెండు రోజులు బడి లేదు. ఇంట్లో ఎప్పుడో మార్చేసిన ఇంగువని హోటల్లో అడగడం మరిచాం. డబ్బాల్లో వచ్చే ఇంగువ చాలామట్టుకు వట్టి ఇంగువ కాదు, జిగురూ పిండీ కలిపింది. ఆ పిండి ఎక్కువగా గోధుమది. మూడోరోజు వెళ్ళి భట్రుని డబ్బా చూపించమన్నాం. కోపం లేకుండా తెచ్చిచ్చి, "నీవే ఓది సార్" అన్నాడు, మీరే చదవండి అని. ఆయన చదివింది కన్నడంలో ఏడో తరగతి. డబ్బా మీద ఉన్నది చీమ తలకాయంత ఇంగ్లీషు.

అక్కడ మాకు సిగ్గేసింది. మేమూ పదో తరగతి దాకా కన్నడ మీడియమే. కాలేజీకి వచ్చేదాకా ఏ పొట్లం వెనకా ఆ చిన్న అక్షరాలు చదివినవాళ్ళం కాదు. నియమం ఏమంటే, పొట్లం మీది వివరాలు ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటే చాలు, స్థానిక భాష వాళ్ళ ఇష్టం. 2020 నాటి లేబులింగు నియమాలు పది శాఖలూ ఆపైన ఉన్న హోటళ్ళని, కేంద్ర లైసెన్సు ఉన్నవాళ్ళని అలర్జీ పదార్థాల సమాచారం ఇవ్వమంటాయి. మంచిదే. కాని మనం రోజూ తినేది వీధి చివర ఒక్క కొట్టులో. ఆయన మీద బోర్డు భారం వేయమని మేము అడగం. ఆ ఇంగువ, ఆ మసాలా పొడి అమ్మే కంపెనీ డబ్బా మీద "గోధుమ ఉంది" అని కన్నడంలో కన్నడోళ్ళకి, తెలుగులో తెలుగోళ్ళకి కనపడేంత అక్షరాల్లో వేయాలి. రంగురంగుల దేవుడి బొమ్మకి చోటున్న డబ్బా మీద ఒక్క మాటకి చోటు లేదా?

మిగతావి అలవాటుతో దాటొచ్చు. రద్దీ లేని వేళ పోతాం, పదకొండుకో నాలుక్కో. గల్లా దగ్గరాయన్ని కాదు, వండేవాణ్ణి అడుగుతాం. దోసె వద్దు, ఎందుకంటే రవదోసె ఊడ్చిన ఈనెల చీపురుతోనే సాదా దోసె పెనమూ ఊడుస్తారు. గోళీ బజె వేగిన నూనెలో ఉద్ది వడా వద్దు. "ఆ మంటకి అన్నీ చస్తాయి సార్" అంటారు. గ్లూటెన్ పురుగు కాదు చావడానికి. మిలిటరీ హోటల్లో ముద్ద నయం, అయినా ఆ రాగులు ఏ గిర్నీలో ఆడించారని అడుగుతాం, గోధుమల వెనకే పోస్తే ఆ పిండి దీంట్లోకి వస్తుంది గనక. మేమూ అతి చేసిన రోజులున్నాయి. 'మాల్ట్' అనే పేరు చూసి ఆరు నెలలు రాగి మాల్టు ముట్టనివ్వలేదు, అది వట్టి రాగి జావ అని తెలిసీ!

ఇంటివాళ్ళకి ఒక మాట. పోయిన ఏడాది అందరం కలిసి హోటలుకి పోయినప్పుడు మేము పాప డబ్బా తెరిస్తే, చిన్నాయన "నేను తినిపిస్తానంటే ఇంటినుంచి తెచ్చారా" అని నొచ్చుకున్నాడు. ఆ తర్వాత ఎవరు పిలిచినా పాప ముందే "నాకు ఆకలి లేదు" అంటోంది. పదేళ్ళ పిల్ల, ఆకలి వేళ. డబ్బా తెరవడం చిన్నాయనకి అవమానం కాదు. ఈసారి పిలిచేముందు, ఎక్కడికి పోదామని పాపని అడగండి.

ఆ భట్రు ఇప్పుడు కొత్త డబ్బా ఏదొచ్చినా మాకోసం పక్కన పెడతాడు. పోయిన వారం సోయా సాసు సీసా తెచ్చి, "ఇదు?" అన్నాడు. చదివాం. దాంట్లోనూ గోధుమే. సీసా తిప్పి, మూత మీద కన్నడంలో 'గోధి' అని పెన్నుతో రాసుకున్నాడు.