పాత టార్చి అమ్ముతున్నావా? లోపం ముందే చెప్పు

సెమిస్టర్ అయిపోవస్తుందంటే చాలు, హాస్టల్ వాట్సాప్ గ్రూపుల్లో చిన్న సంత మొదలవుతుంది. కూలర్లు, డ్రాఫ్టర్లు, క్యాలిక్యులేటర్లు, ఈ మధ్య కొత్తగా జేబులో పట్టే ఎల్‌ఈడీ టార్చిలు. "కండిషన్ సూపర్, 1000 లూమెన్స్, ఫిక్స్‌డ్ రేటు." గంతే. ఒక ఫోటో, రెండు ఎమోజీలు. నేను చెప్పేది ఒక్కటే: టార్చిని ఇట్ల అమ్మొద్దు. వాడిన టార్చి అమ్మేవాళ్లు ధర కంటే ముందు దాని లోపాలు చెప్పాలి.

వెయ్యి రూపాయల లైటుకు ఇంత సీన్ ఎందుకు అంటారేమో. పాత బైక్ కొంటే ఆర్‌సీ చూస్తాం. ఫోన్ కొంటే ఐఎంఈఐ నంబరు కొట్టి చూస్తాం. టార్చికి ఏ కాగితమూ లేదు. ఎన్ని గంటలు వెలిగిందో, ఎన్నిసార్లు కింద పడిందో ఎక్కడా రాసి ఉండదు. మధ్యాహ్నం హాస్టల్ వరండాలో నొక్కి చూస్తే మంచిదీ, చెడ్డదీ ఒకేలా వెలుగుతాయి. అసలు సంగతి రాత్రి అరగంట వాడినాకే తెలుస్తుంది. అంటే ఇక్కడ అమ్మేవాడి మాటే ఆర్‌సీ.

పైగా మన దగ్గర కొన్న లైటు కొన్నవాడి దగ్గరే ఉండదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పిల్లలం మనం. సెలవులకు పోయినప్పుడు "బాపూ, నీకు బ్యాటరీ తెచ్చిన" అని ఇంట్లో ఇస్తాం. దుబాయ్, మస్కట్ నుంచి వచ్చేవాళ్ల పెట్టెల్లో సెంటు సీసాలతో పాటు టార్చిలైటు ఉండటం మనకు కొత్త కాదు. అది ఎప్పుడూ షోకు వస్తువు కాదు, పనిముట్టు.

2018 జనవరి 1 నుంచి రాష్ట్రంలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైంది. అంతకుముందు వంతు ప్రకారం రాత్రి వచ్చే కరెంటు కోసం లైటు పట్టుకుని బాయికాడికి పోయి మోటరు వేసిన కథ మన ఇళ్లల్లో అందరికీ తెలుసు. ఆ బాధ తగ్గినా రాత్రి పనులు పోలేదు. అడవి పందుల నుంచి మక్క చేనుకు కావలి పోవాలి. కొనుగోలు సెంటర్లో వడ్ల కుప్పల దగ్గర పడుకోవాలి. సిరిసిల్లలో రాత్రి సాంచెల పని దిగినోళ్లు చీకట్లోనే ఇంటికి నడవాలి. కట్లపాము తిరిగేది కూడా రాత్రిపూటే. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. అందులో ఎక్కువ మంది పల్లెటూళ్ల వాళ్లే. పొలం గట్టు మీద ఉన్నట్టుండి ఆరిపోయే లైటును "కండిషన్ సూపర్" అని అమ్మితే, పోయేది కొన్నవాడి డబ్బులు మాత్రమే కాదు.

మరి ఏ లోపాలు చెప్పాలి? ఎల్‌ఈడీ గురించి పెద్ద భయం అక్కర్లేదు. నీలి ఎల్‌ఈడీ కనిపెట్టిన ముగ్గురికి 2014లో ఫిజిక్స్ నోబెల్ ఇచ్చారు. ఆ నీలి వెలుగు మీద పసుపు ఫాస్ఫర్ పూత వేస్తేనే మన తెల్ల లైటు. అది వేల గంటలు వెలుగుతుంది. ముందు ముసలిదయ్యేది సెల్లు. లిథియం అయాన్ సెల్లు కొన్ని వందల చార్జింగులకే సత్తువ తగ్గుతుంది, వాడకుండా డ్రాయర్లో పెట్టినా కొంత తగ్గుతుంది. కాబట్టి ఫుల్ చార్జ్ చేసి, మీడియం మోడ్‌లో పెట్టి, ఎంతసేపు వెలిగిందో ఫోన్ స్టాప్‌వాచ్‌తో చూడండి. కంపెనీ చెప్పిన టైమ్ పక్కన మీకు వచ్చిన టైమ్ రాయండి. ఒక్క సాయంత్రం పని.

డబ్బా మీది అంకెలను కూడా విప్పి చెప్పాలి. టార్చిల కోసం ఎఫ్ఎల్1 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం రన్‌టైమ్ అంటే వెలుగు మొదటి దాంట్లో 10 శాతానికి పడిపోయేదాకా పట్టే సమయం. "200 మీటర్ల దూరం" అంటే, అక్కడ పడే వెలుగు పున్నమి వెన్నెలంత, 0.25 లక్స్ మాత్రమే. టర్బో మోడ్ ఒకటి రెండు నిమిషాల్లో వేడెక్కి దానంతట అదే తగ్గుతుంది. అది లోపం కాదు కానీ, కొనేవాడికి తెలియకపోతే మోసపోయినట్టే అనిపిస్తుంది.

సెల్లు రకం కూడా చెప్పాలి. 18650 అంటే 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు. కిరాణా దుకాణంలో అడిగితే దొరికేది కాదు. 14500 సెల్లు చూడటానికి మామూలు ఏఏ సెల్లులాగే ఉంటుంది కానీ, ఫుల్ చార్జ్‌లో 4.2 వోల్టులు ఇస్తుంది. 1.5 వోల్టుల ఏఏ కోసమే చేసిన లైటులో అది వేస్తే లోపలి సర్క్యూట్ కాలిపోవచ్చు. సెల్లు మీద ప్లాస్టిక్ తొడుగు చినిగినా, సెల్లు ఉబ్బినా దాన్ని అమ్మనే వద్దు. చెత్తబుట్టలో కూడా వేయొద్దు, ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇవ్వండి.

"ఇవన్నీ చెప్తే ఎవడు కొంటాడు బ్రో?" అని మీరు అడుగుతారని తెలుసు. దీనికి జవాబు 1970లోనే వచ్చింది. జార్జ్ అకెర్లాఫ్ అనే ఆర్థికవేత్త పాత కార్ల మార్కెట్ మీద ఒక పేపర్ రాశాడు. 2001లో నోబెల్ పంచుకోవడానికి కారణం ఆ పనే. ఏది మంచి కారో, ఏది డొక్కు కారో కొనేవాడికి తెలియనప్పుడు, డొక్కుదే అనుకుని తక్కువ రేటు అడుగుతాడు. ఆ రేటుకు మంచి కారు ఉన్నవాడు అమ్మడు. చివరికి మార్కెట్లో డొక్కువే మిగులుతాయి. మన గ్రూపులో జరిగేది కూడా అదే. బాగున్న లైట్లు డ్రాయర్లల్లో పడి ఉంటాయి, అమ్మకానికి వచ్చినవి ఎవరూ నమ్మరు.

కొనేవాళ్లకు కూడా ఒక మాట. అమ్మేవాడు నిజాయితీగా "సెల్లు వీక్" అని చెప్పి, దాన్ని లెక్కేసే రేటు పెడితే, అదే మాట పట్టుకుని ఇంకా సగానికి అడగొద్దు. నిజం చెప్పినందుకు జరిమానా వేస్తే రేపటి నుంచి ఎవడూ చెప్పడు.

మనం సీఎస్ఈ వాళ్లం సాఫ్ట్‌వేర్ రిలీజ్ చేస్తే తెలిసిన బగ్స్ లిస్టు పెడతాం, దాన్ని ఎవరూ తప్పుగా అనుకోరు. టార్చికి అదే చేద్దాం. ఉదాహరణకు: "రెండేళ్లు వాడిన. 18650 సెల్లు, పాతది. మీడియంలో కంపెనీ టైమ్ 4 గంటలు, నాకు వచ్చింది 2 గంటల 40 నిమిషాలు. ఒకసారి కింద పడ్డది, అంచు నొక్కుకుపోయింది. నీళ్లలో వేసి చూడలేదు. కొత్త సెల్లు ఖర్చు తీసేసి రేటు పెట్టిన. రాత్రి వచ్చి చూస్కోండి." ఈ పోస్టు రాయడానికి ఐదు నిమిషాలు పడుతుంది. రేటులో వంద, రెండు వందలు తగ్గొచ్చు. కానీ ఆ లైటు పట్టుకుని రాత్రి చేనుకు పోయే కాకకు అది ఎంతసేపు వెలుగుతుందో తెలిసి ఉంటుంది.